ఈ జంటకి గుడ్డు రాదు!

*పోకెమాన్ ఆటలో అరుదైన జీవికి సంతానం ఉండదు. ఆటలో దాన్ని అపురూపంగా ఉంచే నియమం అదే. హబ్సిగూడ పరిశోధనశాల నుంచి జూపార్కు దాకా అసలు జీవుల విషయంలో రాసుకున్న నియమాలు వేరు. అరుదుగా మిగలడమే అక్కడ జబ్బు.*

నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్. ఆదివారం, పొద్దున పదిన్నర. ట్యాంకర్ పైపు సంపులోకి నీళ్లు కుమ్మరిస్తోంది. వాచ్‌మన్ గది పక్క మెట్ల మీద నలుగురు పిల్లలు ఒకే చిన్న తెర మీదికి తలలు వంచారు. ఆట యంత్రం డాలస్ బాబాయి తెచ్చింది. దాని సొంతదారుడు ఆరో తరగతి. ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"నర్సరీల పెట్టి రెండు గంటలైంది. గుడ్డు వస్తలేదన్నా."

"దేన్ని పెట్టినవ్?"

"మ్యూటూని, డిట్టోని."

పదో తరగతి అన్న పకపకా నవ్వాడు. "అది లెజెండరీ రా. జిందగీల గుడ్డు రాదు."

"మరి చార్మాండర్‌కి వచ్చింది గదా?"

"దానికొస్తది. దీనికి రాదు. రూల్ అంతే. మ్యూటూ కూడా గుడ్లు పెట్టుడు షురూ చేస్తే అందరి దగ్గర అదే ఉంటది. ఇగ దానికేం ఇజ్జత్ ఉంటది?"

చిన్నోడికి సమాధానం నచ్చలేదు. ఆ పెద్దోడు మాత్రం ముప్పై ఏళ్లుగా కోట్ల మంది ఆడుతున్న ఒక ఆట కిటుకును ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ముప్పై ఏళ్ల పురుగుల వేట

పోకెమాన్ మొదటి ఆటలు జపాన్‌లో విడుదలైంది 1996 ఫిబ్రవరి 27న. 2026తో ముప్పై ఏళ్లు. అందుకే మళ్లీ ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఆ పసుపు పికాచు బొమ్మలు. 2003లో కార్టూన్ నెట్‌వర్క్‌లో ఆ కార్టూన్ చూసి పెరిగినవాళ్లు ఇప్పుడు ఇంటి వాయిదాలు కడుతున్నారు. 2016 డిసెంబరులో జియోతో కలిసి 'పోకెమాన్ గో' మన దేశానికి వచ్చినప్పుడు, ఫోను ముందుకు చాపి జియో దుకాణాల చుట్టూ తిరిగినవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ.

ఈ ఆటకు రూపమిచ్చిన సతోషి తజిరి టోక్యో శివారు మచిదాలో పెరిగాడు. చిన్నప్పుడు పురుగులు పట్టడం అతని పిచ్చి. తోటి పిల్లలు అతన్ని పురుగుల డాక్టరనే పిలిచేవారు. ఊరు నగరంలో కలిసిపోతుంటే చెరువులు పూడ్చారు, పొలాల్లో భవనాలు లేచాయి, పురుగులు పోయాయి. పురుగులు పట్టే ఆ సరదాను తర్వాతి పిల్లలకు తెర మీదైనా ఇవ్వాలనుకున్నాడు. ఉప్పల్ నల్లచెరువు గట్టున తూనీగల తోకలకు దారాలు కట్టిన తరానికి ఈ కథను విడమరిచి చెప్పక్కర్లేదు.

జీవుల జత కట్టించే ఏర్పాటు 1999 నాటి 'గోల్డ్', 'సిల్వర్' ఆటల్లో వచ్చింది. ఇప్పుడు ఆటలో వెయ్యికి పైగా జీవులున్నాయి. వాటిని గుడ్ల గుంపులుగా విడగొట్టారు. ఒకే గుంపులోని ఆడా మగా అయితే గుడ్డు వస్తుంది. పిల్లది తల్లి జాతి. ఏ రూపమైనా ఎత్తగల డిట్టో దాదాపు అన్నిటితోనూ జత కడుతుంది. మ్యూటూలాంటి లెజెండరీలకు మాత్రం ఏ గుంపూ లేదు. మానఫీ అనే అరుదైన జీవికి ఒక మినహాయింపు ఇచ్చారు గానీ అందులోనూ మెలిక ఉంది. దాని గుడ్డులోంచి ఫియోనీ అనే వేరే జీవి వస్తుంది. ఆ ఫియోనీ ఎంత పెరిగినా మానఫీ కాదు.

ఆ 1999 ఆటల్లోనే చాలామంది గమనించని ఇంకో అడ్డుకట్ట ఉండేది. ప్రతి జీవికీ పుట్టుకతో కొన్ని శక్తి అంకెలు ఉంటాయి. వాటిలో కొన్ని పిల్లలకు దిగుతాయి. రెండు జీవుల అంకెల్లో ఆ పోలిక కనిపిస్తే ఆట వాటిని రక్తసంబంధీకులుగా లెక్కగట్టి గుడ్డు రానిచ్చేది కాదు. చేతిలో ఇమిడే ఆటబొమ్మలో ఇంత జన్యుశాస్త్రం ఇరికించినవాళ్లను మెచ్చుకోవాలి. 2002 నాటి ఆటలకల్లా ఆ అడ్డు తీసేశారు. అప్పటినుంచి తల్లినీ పిల్లనూ జతకట్టించి బలమైన జీవిని తయారుచేయడం ఆటగాళ్లకు మామూలైపోయింది. ఆటలో దానికి శిక్ష లేదు. మెల్లకన్ను రాదు, పిల్ల చచ్చిపోదు.

> రంగు మారితే రాజే!
> వేల గుడ్లలో ఎప్పుడో ఒకటి వేరే రంగు జీవిగా పొదుగుతుంది. దాన్ని 'షైనీ' అంటారు. తొలిరోజుల్లో ఆ అవకాశం 8,192లో ఒకటి. 2013 నుంచి 4,096లో ఒకటి. తల్లిదండ్రులు వేర్వేరు భాషల ఆటల నుంచి వచ్చినవైతే దాదాపు 683లో ఒకటి. ఆట దర్శకుల్లో ఒకరైన జునిచి మసుదా పేరుతో దీన్ని మసుదా పద్ధతి అంటారు. దూరదేశపు సంబంధం కలుపుకుంటే ఆట బహుమతి ఇస్తుందన్నమాట.

ఏడు కాన్పుల లెక్క

అరుదుదనంతో ముడిపడిన ఆ ఇజ్జత్‌ను వియత్నాంకు చెందిన స్కై మావిస్ కంపెనీ నేరుగా డబ్బులోకి మార్చింది. వాళ్ల ఆట 'ఆక్సీ ఇన్ఫినిటీ'. అందులో ప్రతి జీవీ ఒక డిజిటల్ ఆస్తి. కొనాలి, పెంచాలి, అమ్ముకోవాలి. ఒక్కో జీవి ఏడుసార్లకు మించి జతకట్టకూడదని నిబంధన. ఒక్కో కాన్పుకూ ఖర్చు పెరుగుతుంది. తల్లిదండ్రులతో, తోబుట్టువులతో జత కుదరదు.

కాగితం మీద ముచ్చటైన నియమాలే. 2021లో ఫిలిప్పీన్స్‌లో కరోనాతో పనులు పోయినవాళ్లు ఈ ఆట ఆడి ఇల్లు గడుపుకొన్నారు. అప్పట్లో కొత్తగా చేరినవాడు మూడు జీవులతో బరిలోకి దిగాల్సి వచ్చేది. వాటికోసం ఆటలో ముందే ఉన్నవాళ్లు గుడ్లు పొదిగించేవారు. పొదుగుడుకు వాడే టోకెన్ ధర ఆ ఏడాది జులైలో 30 సెంట్లు దాటింది. 2022 మధ్యకల్లా ఒక సెంటు లోపుకు జారింది. ఒక్కో జీవికి ఏడు కాన్పులని గీత గీశారు గానీ పుట్టిన ప్రతి పిల్లకూ మళ్లీ ఏడు కాన్పులున్నాయి. కొత్తవాళ్లు రావడం ఆగేసరికి కొనేవాడు లేడు. దానికి తోడు 2022 మార్చిలో హ్యాకర్లు ఆ ఆట నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్ల పైచిలుకు ఎత్తుకుపోయారు.

సరుకు విలువను కాపాడటానికి పెట్టిన హద్దులివి. ప్రాణమున్న జీవి దగ్గరికొస్తే హద్దు ఎక్కడ గీయాలో ఈ లెక్కలు చెప్పవు. ఆ సంగతి తెలిసినవాళ్లు పిల్లలు కూర్చున్న సెల్లార్‌కు దగ్గర్లోనే ఉన్నారు.

హబ్సిగూడలో తేలిన చుట్టరికాలు

ఉప్పల్ రోడ్డులో మెట్రో ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దాటి హబ్సిగూడ వైపు సాగుతుంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కనిపిస్తుంది. పుష్పమిత్ర భార్గవ నిలబెట్టిన సంస్థ. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఇక్కడ 1980ల్లో కట్లపాము జాతికి చెందిన ఒక పాము డీఎన్‌ఏ ముక్కను పనిముట్టుగా చేసుకుని డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తీర్చిదిద్దారు. బిడ్డకు తండ్రెవరన్న తగువు మన కోర్టుల్లో ఆ పద్ధతితో తేలడం మొదలైంది. ఆ పనికే ప్రత్యేకంగా పుట్టిన సంస్థ సీడీఎఫ్‌డీ కొన్నాళ్లు నాచారంలో, ఈసీఐఎల్ రోడ్డులో నడిచింది. చోట్లు మారి చివరికి ఉప్పల్‌లో సొంతింటికి చేరింది. తండ్రెవరో చెప్పే పరీక్షే ఏ సింహానికి ఏ సింహం చుట్టమో కూడా చెబుతుంది.

లాల్జీ సింగ్ చొరవతోనే అంతరించిపోతున్న జీవుల కోసం సీసీఎంబీ అనుబంధంగా అత్తాపూర్‌లో 'లాకోన్స్' వెలిసింది. 2007 ఫిబ్రవరి 1న అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేశారు. అంతకుముందే 2006లో, శస్త్రచికిత్స అక్కర్లేని కృత్రిమ గర్భధారణతో అక్కడ ఒక చుక్కల జింక పిల్ల పుట్టింది. పేరు స్పాటీ. మరుసటి ఏడు కృష్ణజింక పిల్ల, బ్లాకీ.

వీళ్ల పనిలో నాకు బాగా నచ్చేది కురుపంది కథ. మూషిక జింక అంటారు గానీ అసలు జింకల కుటుంబం కాదు. బరువు మూడు కిలోలుంటుంది. కొమ్ములు లేవు, మగదానికి చిన్న కోరలు. పగలు పొదల్లో, రాళ్ల సందుల్లో నక్కి రాత్రుళ్లు తిరుగుతుంది. నల్లమలలో పుట్టి పెరిగినవాళ్లలోనూ దాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. 2010లో లాకోన్స్, నెహ్రూ జూపార్కు కలిసి దాని సంతతి పెంచే పని మొదలుపెట్టాయి. చేతిలో ఉన్నవి ఆరే జీవులు.

ఆరంటే ఆట భాషలో మంచి మొదలే. ప్రకృతిలో గండం. ప్రతి జీవిలోనూ బయటపడని లోపాలు కొన్ని దాగి ఉంటాయి. ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ అందితేనే అది పిల్లలో బయటికొస్తుంది. అన్నాచెల్లెళ్ల జతలో పుట్టిన పిల్లలో సగటున నాలుగో వంతు జన్యువులు రెండు వైపులా ఒకే మూలానివి. అందుకని జూలో ఎవరు ఎవరికి పుట్టారో పుస్తకం రాస్తారు. ఇంగ్లిషులో స్టడ్‌బుక్. జూ జీవశాస్త్రవేత్త ఆ పుస్తకం ముందేసుకుని, డీఎన్‌ఏ చీటీలు చూసుకుంటూ, పెళ్లిళ్ల పేరయ్య పని చేస్తాడు. దీనికి ఈ ఆవరణలో సంబంధం లేదు, ఫలానా ఊరి జూ నుంచి మగదాన్ని రప్పించండి అంటాడు.

కురుపంది మరో విధంగానూ వాళ్లను తిప్పలు పెట్టింది. కడుపు మోసేది సుమారు ఐదు నెలలు. మామూలుగా ఒక్కటే పిల్ల. ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ మగదాన్ని రానిస్తుంది. ఆ గంటలు దాటితే అవకాశం చేజారినట్టే. ఆ వేళకు సరైన మగది పక్క గదిలో సిద్ధంగా ఉండాలి. అలా కాపలా కాసి పెంచగా ఆరు కాస్తా రెండొందలు దాటాయి. 2017లో మొదటి విడతగా కొన్నింటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు.

> ఏడాదికి ఒక్క గుడ్డు
> తెల్ల వీపు రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వాటి మూత్రపిండాలను దెబ్బతీసి కోట్ల సంఖ్యలో పొట్టన పెట్టుకుంది. ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది 2006లో. నెహ్రూ జూపార్కులోనూ రాబందుల సంరక్షణ కేంద్రం ఉంది.
> బట్టమేక పిట్టదీ ఇదే బాధ. ఒక కాన్పుకు సాధారణంగా ఒక గుడ్డు, అదీ నేల మీదే. దానికోసమే 1988లో ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట జాడ దొరకడం గగనం. రాజస్థాన్ కేంద్రంలో 2024లో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పొదిగింది.

తెల్ల పులి మోజు

షైనీల మోజు మనకు కొత్తది కాదు. 1951లో మధ్యప్రదేశ్ రీవా అడవిలో ఒక తెల్ల పులి కూన దొరికింది. రీవా మహారాజు దానికి మోహన్ అని పేరు పెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచాడు. మామూలు ఆడపులితో జత చేస్తే అన్నీ పసుపు కూనలే. చివరికి మోహన్‌ను దాని కూతురు రాధతోనే జతకట్టించారు. 1958లో నాలుగు తెల్ల కూనలు పుట్టాయి. ప్రపంచంలోని జూలలో ఉన్న తెల్ల పులుల్లో చాలావాటి వంశం అక్కడికే చేరుతుంది. ఆ తెలుపు ఒకే ఒక్క జన్యువులోని చిన్న మార్పు. చైనా శాస్త్రవేత్తలు 2013లో దాన్ని పట్టుకున్నారు. తెల్ల రంగు మాత్రమే కావాలని తండ్రీబిడ్డలను, తోబుట్టువులను కలుపుతూ పోయినందుకు మెల్లకన్ను, వంకర వెన్ను, అకాల మరణాలు వెంటవచ్చాయి. అమెరికా జూల సంఘం 2011లో తన సభ్య జూలను తెల్ల పులుల సంతతి పెంచవద్దంది. మన జూపార్కులో తెల్ల పులి ఆవరణ దగ్గర ఆదివారం రద్దీ చూస్తే ఆ మాట ఇక్కడిదాకా రాలేదనిపిస్తుంది. పిల్లలను ఎత్తుకుని చూపించే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. బోర్డు మీద ఈ వంశవృక్షం కూడా రాస్తే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

సింహాలది ఇంకో కథ. సర్కస్ వాళ్లు ఆఫ్రికా సింహాలనూ గిర్ సింహాలనూ కలిపేశారు. కొన్ని జూలలోనూ అదే జరిగింది. సంకర సంతతి పెరిగింది, అందులో చాలావి బలహీనంగా పుట్టాయి. 1998లో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగులు, కోతులతో ప్రదర్శనలను కేంద్రం నిషేధించాక ఆ సర్కస్ సింహాలను విశాఖపట్నం, తిరుపతి జూల పునరావాస కేంద్రాలకు కూడా తరలించారు. అక్కడ వాటికి తిండికి లోటు ఉండేది కాదు, వైద్యానికి లోటు ఉండేది కాదు. సంతానానికి మాత్రం అనుమతి ఉండేది కాదు. ముసలివై, ఒక్కొక్కటే పోవాల్సి వచ్చింది. తమ తప్పేమీ లేకుండా వంశం ఆగిపోయిన సింహాలవి. వాటికి మాంసం వేసిన కీపర్లకు ఈ నియమం అర్థమైంది. అర్థమైనంత మాత్రాన సులువేం కాదు.

ఇరాన్ ఇవ్వని కణం

మ్యూటూ పుట్టుక గుర్తుందా? మ్యూ అనే జీవి జన్యువుల నుంచి ప్రయోగశాలలో తయారుచేసిన నకలు. 2000 ప్రాంతంలో అలాంటి కలే ఒకటి హైదరాబాద్‌లో కన్నారు. మన దేశంలో చివరి మూడు చీతాలను 1947లో కొరియా సంస్థానపు రాజు కాల్చి చంపాడు. 1952లో ప్రభుత్వం అవి అంతరించాయని ప్రకటించింది. ఇరాన్‌లో మిగిలిన ఆసియా చీతా నుంచి కణాలు తెచ్చి, చిరుత గర్భంలో నకలు పెంచాలని లాల్జీ సింగ్ బృందం ఆలోచించింది. ఇరాన్ ఒప్పుకోలేదు.

ఒప్పుకుని ఉంటే? ఒక్క చీతా నుంచి వంద నకళ్లు తీసినా జన్యువుల లెక్కలో అది ఒక్క చీతాయే. పైగా చీతాలు ముందే చిక్కిపోయిన జాతి. ఎప్పుడో మంచుయుగం చివర్లో వాటిలో చాలావరకు చచ్చి కొన్నే మిగిలాయి. 1980ల్లో అమెరికా శాస్త్రవేత్తలు ఏ చుట్టరికమూ లేని చీతాల చర్మం ఒకదానిది మరోదానికి అతికిస్తే శరీరం పరాయిదని గుర్తుపట్టక అతుక్కుపోనిచ్చింది. 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కుకు నమీబియా నుంచి ఎనిమిది చీతాలు వచ్చాయి. మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు. రెండు చోట్ల నుంచి తేవడం వెనక దౌత్యం ఒక్కటే కాదు, రక్తం కలపాలన్న ఆలోచనా ఉంది.

మన ఇళ్ల సంబంధాలు

ఇదంతా జంతువుల గొడవే అనుకుంటే పొరపాటు. సగోత్రం కుదరదంటాం, మేనమామ కూతుర్ని మాత్రం వరసంటాం. కులం దాటనివ్వం. తరతరాలుగా మనం రాసుకున్న స్టడ్‌బుక్ అది. సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని రెండు వందల అరవైకి పైగా సమూహాల డీఎన్‌ఏ చదివాయి. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేల్చాయి. అందులో కొన్నింటి జనాభా పది లక్షలు దాటింది.

జనం లక్షల్లో ఉన్నారు గదా, ఇంకేం ఇబ్బంది అనిపిస్తుంది. తలల లెక్క వేరు, మూలపురుషుల లెక్క వేరు. తెలుగు వైశ్య కుటుంబాల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం మిగతా వారికంటే చాలా ఎక్కువగా కనిపిస్తుంది. మామూలుగా దానివల్ల ఏ బాధా ఉండదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలు సడలించే ఒక రకం మందు ఇస్తే మాత్రం దాని ప్రభావం నిమిషాల్లో వదలాల్సింది గంటల తరబడి వదలదు, ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి. చెబితే వేరే మందు వాడతారు. మేనరికాలు చేసుకున్న ఏ కులం వారైనా పెళ్లికి ముందో కాన్పుకు ముందో జన్యు సలహా తీసుకోవడం మంచిది. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు వ్యాధుల నిర్ధారణ మీదా పనిచేస్తోంది.

గుడ్డు పెడితే దరఖాస్తు

ఇప్పుడు నగరంలో ఆట సెల్లార్ నుంచి ఇంట్లోకి వచ్చింది. బాల్కనీల్లో ఆఫ్రికన్ గ్రే చిలుకలు, మకావ్‌లు, అద్దాల పెట్టెల్లో ఇగువానాలు. వాటిని కొనేవాళ్లు షైనీ వేటగాళ్లలాగే రంగు చూస్తారు, ధర చూస్తారు, జత కోసం వెతుకుతారు. చట్టం ఈమధ్యే అటు తిరిగింది. 2022లో సవరించిన వన్యప్రాణి రక్షణ చట్టం అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలోని విదేశీ జీవులకు ఒక ప్రత్యేక షెడ్యూలు చేర్చింది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవి ఇంట్లో ఉంటే కేంద్రం వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్ల పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి.

ఆ జాబితాలోనూ మరీ ముప్పున్న జీవులకు ఇంకో మెట్టు ఉంది. ఆఫ్రికన్ గ్రే అందులోదే. దాని జంటతో పిల్లలు చేయించే పని పెట్టుకుంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. మన రామచిలుకకూ నక్షత్ర తాబేలుకూ అయితే నింపడానికి దరఖాస్తు కూడా లేదు. వాటిని ఇంట్లో పెట్టుకోవడమే నేరం.